మెడలో బంగారు సూదులు

నా మెడలో బంగారు సూదులు ఉన్నాయని మొదట అన్నది తుకినెం. పెళ్ళికాని రోజుల నుంచి మేమిద్దరం ఒకే మైనం పొయ్యి చుట్టూ కూర్చుని, గుడ్డ మీద కాగిన మైనంతో బాటిక్ పువ్వులు గీస్తున్నవాళ్ళం. నవ్వుతూనే అంది. ఆ మాట మేం పనిచేసే పాకలో నుంచి బజారుకు, బజారు నుంచి మా యజమానురాలు వుర్యానిగారి వంటింటికి వెళ్ళింది. అక్కడి నుంచి తిరిగి వచ్చేసరికి అందులో నవ్వు లేదు. వచ్చి నా ముందున్న గుడ్డను తీసుకుపోయింది.

అది మామూలు గుడ్డ కాదు. సిదోముక్తి. పెళ్ళిలో కట్టుకునే గుడ్డ. సోలో పట్నంలోని ఒక పెద్దింటివాళ్ళు తమ అమ్మాయి కోసం నా పేరు చెప్పి, వాగిరా చెయ్యే కావాలని అడిగి మరీ నాకు ఇప్పించారు. సిదోముక్తి గీసే మనిషి మనసు శుభ్రంగా ఉండాలంటారు. అందుకని ఉపవాసం ఉండి మొదలుపెట్టాను. సగం దాకా గీశాను. ఆ సగం గీసిన గుడ్డ కోసమే ఈ గొడవంతా.

సుసుక్ అంటే ఏమిటో మా వైపు తెలియనివాళ్ళు లేరు. మంత్రగాడి దగ్గరికి వెళ్ళి, వెంట్రుకంత సన్నటి బంగారు సూదిని బుగ్గలోనో మెడలోనో చర్మం కిందికి దూర్పించుకుంటారు. ఇక చూసిన మగవాడు చూసినట్టే నిలబడిపోతాడట. పాటకత్తెలు పెట్టించుకుంటారని అంటారు, ఎన్నికల్లో నిలబడేవాళ్ళు పెట్టించుకుంటారని అంటారు. మైనం పొగకు కళ్ళు మండి, మోకాళ్ళు పట్టేసి, మనవరాలిని ఎత్తుకు తిరిగే విధవరాలికి అదెందుకో ఎవరూ అడగలేదు.

బీపీ నాకు కొత్తది కాదు. మా పాకలో ఎండుచేపలు తినే ప్రతి ఒక్కరికీ ఉంది. ఎండలు మొదలైన కొత్తలో ఆరోగ్య కేంద్రంలో పాత బిళ్ళలు అయిపోయాయని వేరే రకం ఇచ్చారు. బుద్ధిగా రోజూ వేసుకున్నాను. కొన్ని వారాలు గడిచాక గొంతు కింద, మెడ ముందు భాగంలో నొప్పి పుట్టింది. మింగితే చెవి దాకా పొడిచేది. వేలు తగిలితే ప్రాణం విలవిల్లాడేది. తర్వాత గుండెదడ పట్టుకుంది. కూర్చున్నచోటే పరుగెత్తుకొచ్చినట్టు ఉండేది. ఒళ్ళంతా చెమటలు. రవికలు వదులయ్యాయి. కళ్ళు జ్వరం వచ్చినదాని కళ్ళలా మెరిసేవి. అన్నిటికన్నా ఘోరం, చేతులు వణకడం మొదలైంది.

చాంతింగ్ పట్టుకునేదానికి చెయ్యి వణికితే ఇంకేం మిగులుతుంది? పిచ్చుక ముక్కంత రాగి గొట్టం ఉన్న కలం అది. దాని కడుపులో కాగిన మైనం ఉంటుంది. ముక్కు కొస మీద ఒకసారి ఊది, ఊపిరి బిగబట్టి, గుడ్డకు ఆనించీ ఆనించనట్టు లాగాలి. చెయ్యి వణికితే మైనం బొట్టు పడుతుంది. పడిన బొట్టును వేడి ఇనుప పుల్లతో గీకి తియ్యాలి. గీకితే గుడ్డ నలుగుతుంది. అంత ఖరీదైన గుడ్డ మీద నేను రోజూ గీకుతూ కూర్చున్నాను.

"ఒంట్లోకి గాలి దూరిందక్కా. పడుకో, నేను గీస్తాను" అంది తుకినెం.

ఏ జబ్బు వచ్చినా మేం ముందు గాలి దూరిందనే అంటాం. బామ్ రాసి, నాణెం అంచుతో ఎర్రటి చారలు తేలేదాకా గీస్తాం. వీపు మీద గీస్తే హాయిగానే ఉంది. నాణెం మెడ ముందుకు వచ్చేసరికి కేక పెట్టాను.

"అబ్బో! కాన్పు అప్పుడు కూడా ఇట్లా అరవలేదు కదక్కా నువ్వు!"

"ఆపవే తల్లీ, చంపేస్తున్నావు."

"ఎంత ఎర్రగా తేలిందో చూడు. ఎంత గాలి పట్టిందో ఏమో."

మర్నాడు ఆ చారలతోనే పాకకు వెళ్ళాను. పొయ్యికి అవతల కూర్చునే లావుపాటి సుపార్తి నన్ను చూసి మైనం ఊదడం ఆపేసింది.

"ఏంటి వాగిరక్కా, మెడ మీద అవి? టోఫూ కస్దిగారు గోళ్ళు తీయించుకోవట్లేదా?"

కస్దిది టోఫూ బండి. భార్య పోయింది. మా గుమ్మం ముందు బండి ఆపుతాడు, ఎందుకంటే నేను టోఫూ కొంటాను. ఆయన గురించి చెప్పుకోవడానికి అంతకన్నా ఏమీ లేదు.

"సన్నబడింది, కళ్ళు మెరుస్తున్నాయి, చేతులు వణుకుతున్నాయి" అని సుపార్తి వేళ్ళు మడిచింది. "నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు అచ్చం ఇట్లాగే ఉండేది."

"నీకు పద్దెనిమిదేళ్ళప్పుడు కూడా ఇదే ఒళ్ళు. నేను చూడలేదా?" అన్నాను.

అందరం నవ్వాం. నేనూ నవ్వాను, మింగడానికి నొప్పి పుడుతున్నా. అప్పుడే తుకినెం అంది, "కస్ది ఒక్కడేనా? మొన్న కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన కుర్రాడు కూడా వాళ్ళ గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఏమక్కా, సూదులేమైనా పెట్టించుకున్నావా? మెడ ఉబ్బింది కూడాను!"

అదీ మొదలు.

నేను ఊరికే కూర్చోలేదు. ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాను. నర్సు రెత్నో చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. బల్ల అవతల కూర్చున్న డాక్టరు కుర్రవాడు, మా అమ్మాయి వినార్తి కన్నా చిన్నవాడు, ఫోను చూసుకుంటూ విన్నాడు. మెడ నొప్పి అన్నాను. దడ అన్నాను. కొత్త బిళ్ళ మొదలుపెట్టాకే వచ్చిందన్నాను.

"బిళ్ళ బీపీకి అమ్మా, మెడకి కాదు" అన్నాడు.

"మెడకి కాదని తెలుసు బాబూ. మెడకే వచ్చిందంటున్నాను."

"ఆలోచనలు తగ్గించుకోండి. తోడు లేని ఆడవాళ్ళకి ఈ వయసులో ఇట్లాగే ఉంటుంది. ఐసు టీ తాగకండి." అంతే, బిళ్ళ మోతాదు పెంచి రాశాడు. మెడ మీద చెయ్యి కాదు కదా, మెడ వైపు కన్ను కూడా వెయ్యలేదు.

మొగుడు పోయిన ఆడదానికి పంటినొప్పి వచ్చినా అది మొగుడు లేకనే వచ్చిందంటారు కాబోలు! నా మొగుడు ఉన్నప్పుడు కూడా నాకు జలుబు చేసింది. అప్పుడెవరూ ఆయన వల్లే చేసిందని అనలేదు.

ఇక మునగాకు సంగతి. సుసుక్ ఉన్న మనిషికి మునగాకు పడదని మా నమ్మకం. తింటే సూది శక్తి పోతుందట. అలాంటి మనిషి చావు వచ్చినా చావలేక కొట్టుకుంటుంటే మునగాకుతో ఒళ్ళు తుడుస్తారు, అప్పుడు గానీ ప్రాణం పోదట. అందుకే ఆ ఆకు మా ఇళ్ళలో మాటిమాటికీ వండరు.

ఒక మధ్యాహ్నం వుర్యానిగారే స్వయంగా గిన్నె పట్టుకుని పాకలోకి వచ్చారు. ఎప్పుడూ పనమ్మాయి వడ్డించేది.

"ఇవాళ మునగాకు పులుసు. బీపీకి మంచిదట, టీవీలో చెప్పారు" అంటూ ముందు నాకే పోశారు. పాకలో చాంతింగులన్నీ ఆగిపోయాయి. సుపార్తి నోరు తెరుచుకుని చూస్తోంది. తుకినెం తల వంచుకుంది.

నాకు అర్థమైంది. ఒళ్ళు మండింది. సరే చూడండి అనుకుని చెంచా నిండా తీసి నోట్లో పోసుకున్నాను. అది గొంతు దాటేచోట కత్తి దిగినట్టయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దగ్గు వచ్చి సగం బయటికి కక్కాను. గిన్నె పక్కకు తోశాను.

వుర్యానిగారు ఆ గిన్నె తీసేసుకున్నారు.

"ఇంక చాల్లే" అన్నారు వుర్యానిగారు.

"అమ్మగారూ, గొంతు నొప్పి. మింగుడు పడట్లేదు."

"రోజూ రాని నొప్పి మునగాకుకే వచ్చిందా?"

"రోజూ గంజే తాగుతున్నాను. సన్నబడ్డానని మీరే కదా అంటున్నారు! మరి తింటే సన్నబడతానా?"

"నాతో వాదించకు వాగిరా. ఇది పెళ్ళిగుడ్డ. రేపు ఆ పెళ్ళికొడుకు ఇంకోదాని వెంట పడితే మాట ఎవరికొస్తుంది? నాకొస్తుంది. నీ చెయ్యి వణుకుతోంది. తప్పు చేసిన మనసుంటే చెయ్యి ఇట్లాగే వణుకుతుంది, ఈ పనిలో పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలీదా? ఎక్స్‌రే తీయించుకుని రా. సూదులుంటే అందులో తెల్లగా కనబడతాయి. లేవని చూపించు, గుడ్డ నీదే."

వెదురు దండెం మీద నుంచి గుడ్డ తీసి, మడిచి, తుకినెం ఒళ్ళో పెట్టారు. తుకినెం తీసుకుంది. నా వైపు చూడకుండానే తీసుకుంది.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇన్నేళ్ళుగా ఆ పాకలో నేను గీసిన పువ్వు ఒక్కటి వంకర పోలేదు. వంకర పోయిన మొదటిసారి జబ్బేమోనని ఒక్కరికీ తోచలేదు. మంత్రం తోచింది, మగవాడు తోచాడు, తప్పు తోచింది.

వినార్తి కుట్టు ఫ్యాక్టరీ నుంచి వచ్చి నన్ను చూసి, మర్నాడు సెలవు పెట్టి, స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ ఒక డాక్టరమ్మ, తలకు గుడ్డ చుట్టుకుని, అలిసిపోయిన ముఖంతో ఉంది. నేను చెప్పడం మొదలుపెట్టగానే లేచి నా వెనక్కి వచ్చి, రెండు చేతుల వేళ్ళూ మెడ మీద మెల్లగా ఆనించింది. నేను అరిచాను.

"ఇక్కడ ఇంత గట్టిగా ఉంది, ఇంత నొప్పి ఉంది. మీ ఊళ్ళో ఎవరూ మెడ చూడలేదా?"

"ఊరంతా చూశారమ్మా. బంగారం ఉందేమోనని చూశారు."

రక్తం తీశారు. జారుడు మందు రాసి మెడ మీద యంత్రం పెట్టి చూశారు. సాయంత్రం డాక్టరమ్మ నన్నూ వినార్తినీ కూర్చోబెట్టి చెప్పింది.

"థైరాయిడ్ గ్రంథి వాచిందమ్మా. లోపల దాచుకోవాల్సిన రసమంతా ఒక్కసారిగా రక్తంలోకి వదిలేస్తోంది. దడ, వణుకు, చెమట, సన్నబడటం, అన్నీ దానివల్లే."

"ఎందుకు వాచింది?"

"ఎక్కువగా జలుబు లాంటి జబ్బేదో వచ్చి పోయాక వాస్తుంది. అరుదుగా మందుల వల్ల కూడా. కొత్త బిళ్ళ మొదలుపెట్టాకే వచ్చిందంటున్నారు కాబట్టి దాన్నీ అనుమానించాలి. కానీ దానివల్లే అని ఒట్టేసి చెప్పలేను. నాకు తెలీదు."

విచిత్రం, ఆ "తెలీదు" వినగానే నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఇన్నాళ్ళూ అందరికీ అన్నీ తెలుసు. ఆలోచనలని ఒకరికి తెలుసు, గాలి అని ఒకరికి తెలుసు, కస్ది అని ఊరికంతా తెలుసు. తెలియదన్న మొదటి మనిషి ఈమే, చెయ్యి వేసి చూసిన మొదటి మనిషీ ఈమే.

బీపీకి వేరే మందు రాసింది. సొంతంగా మాత్రం మానెయ్యొద్దని, మానేస్తే తలలో నరం చిట్లే ప్రమాదముందని వేలు చూపించి బెదిరించింది. వాపుకు, దడకు మందులిచ్చింది. చెయ్యి కుదుటపడటానికి నెలలు పట్టవచ్చని, మధ్యలో గ్రంథి మందగించి నీరసం కూడా రావచ్చని, మళ్ళీ మళ్ళీ వచ్చి రక్తం చూపించుకోమని చెప్పింది.

"అమ్మా, ఒక ఎక్స్‌రే కూడా తీస్తారా?" అన్నాను.

"ఎందుకు? మీ జబ్బుకి అక్కర్లేదే."

చెప్పాను. మొదట నవ్వింది, తర్వాత నవ్వు ఆపేసింది. "మీకు అవసరం లేదు. ఆవిడకి అవసరమైతే ఆవిణ్ణే వచ్చి తీయించుకోమనండి."

దారిలో వినార్తి గొణుగుతూనే ఉంది. "ఒక్క ఫోటో తీయించి ఆవిడ ముఖాన కొడితే పోయేది కదమ్మా. గుడ్డ వచ్చేది."

"ఫోటో చూపిస్తే గుడ్డ వస్తుంది. రేపు కాలు వాస్తే కాలు ఫోటో అడుగుతారు. నేను చూపించను."

"మరి గుడ్డ?"

గుడ్డ కావాలి నాకు. ఎంత కావాలో చెప్పలేను. అది వేరొకరి చేతిలో ఉన్నంతకాలం, మెడలో సూదులున్నదాన్నే నేను. అందుకే అది కావాలి. అయితే ఫోటోకి వచ్చే గుడ్డ కాదు.

వారం తిరక్కముందే తుకినెం మా ఇంటికి వచ్చింది. అరిటాకులో చుట్టిన తీపి ఏదో తెచ్చి చాప మీద పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"నా గీత నీ గీతతో కలవట్లేదక్కా. నీ చుక్కలు ఆవగింజలు, నావి మినుములు. పెళ్ళివాళ్ళు వచ్చి చూసి, ఇవి రెండు చేతులని ఒక్క చూపులో పట్టేశారు. అమ్మగారు నిన్ను రమ్మంటున్నారు. జబ్బని అందరికీ తెలిసిందిలే. వెనక గుమ్మం నుంచి వచ్చి కూర్చో. నువ్వేమీ అనకు, ఎవరూ నిన్నేమీ అనరు."

"ఎవరూ ఏమీ అనకపోతే ఎట్లా? అన్నది ఎవరు వెనక్కి తీసుకుంటారు?"

"నేనే కదా అక్కా ముందు నోరు జారింది. కావాలంటే కొట్టు నన్ను."

"కొట్టడానికి చెయ్యి నిలకడగా లేదు, ఆగు. కుదిరాక కొడతాను."

తుకినెం నవ్వబోయి ఏడ్చింది. ఆమె మీద నాకు కోపం లేదని చెప్పను, ఉంది. కానీ ఆమె వచ్చింది, నా కళ్ళలోకి చూసి చెప్పింది. నాకు ఇక కావలసింది వుర్యానిగారి నోటి మాట.

ప్రతి శుక్రవారం ఉదయం ఆరోగ్య కేంద్రం ముందు బీపీ ఉన్నవాళ్ళందరికీ కసరత్తు. పాట పెట్టి చేతులు ఊపిస్తారు, తర్వాత బీపీ చూసి పెసర జావ పోస్తారు. వుర్యానిగారు ఎప్పుడూ ముందు వరసలో, అందరికన్నా తెల్లటి బూట్లతో ఉంటారు. ఆ శుక్రవారం నేను వెళ్ళి వెనక కూర్చున్నాను. జావ పోస్తుండగా లేచి నిలబడ్డాను. గుండె ఎటూ దడదడలాడుతూనే ఉంది కాబట్టి భయానికి వేరే చోటు లేదు.

"నాకు మెడలో గ్రంథి వాచింది" అన్నాను. "బీపీ బిళ్ళ వల్ల కావచ్చు, కాకపోవచ్చు. పట్నం డాక్టరమ్మే తెలీదంది. కానీ నేను ఈ బల్ల దగ్గరికొచ్చి మెడ నొప్పి అని చెప్పుకున్నాను. ఎవరూ వినలేదు, మోతాదు పెంచి పంపారు."

నర్సు రెత్నో పరుగెత్తుకొచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. "వాగిరమ్మా, ఇట్లా అందరి ముందూ మాట్లాడితే జనం భయపడి బిళ్ళలు మానేస్తారు. కూర్చోండి."

"మానెయ్యమని ఎవరన్నారు? ఎవరూ మానెయ్యొద్దు, మానేస్తే పడిపోతారు! నొప్పి వస్తే చెప్పండి, వినేదాకా చెప్పండి అంటున్నాను. వినడం మీ పని. వినకుండా భయపడతారు, భయపడతారు అంటే ఎట్లా?"

వెనక నుంచి ఒక ముసలాయన, "అయితే నా దగ్గు సంగతేంటి? ఈ బిళ్ళ మొదలైనప్పటి నుంచి దగ్గే" అన్నాడు. ఇంకొకావిడ కాళ్ళ వాపు అంది. రెత్నో నా మోచెయ్యి వదిలేసింది. కుర్చీ లాక్కుని ముసలాయన ఎదురుగా కూర్చుంది.

నేను వుర్యానిగారి వైపు తిరిగాను. జావ గిన్నెలోకే చూస్తున్నారు.

"అమ్మగారూ, మీరు నన్ను పాకలో అందరి ముందూ అన్నారు. వెనక గుమ్మంలో నుంచి రమ్మని కబురంపారు. నేను ముందు గుమ్మం నుంచే వస్తాను. నా మెడలో సూదులున్నాయా?"

"ఇప్పుడెందుకు వాగిరా ఇదంతా? జబ్బని తేలింది కదా. అయిపోయింది."

"తేలింది నా ఒంట్లో. మీ నోట్లో తేలలేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ ముఖం ఎర్రబడింది. ఆ నిమిషం ఆవిడ లేచి వెళ్ళిపోతారనే అనుకున్నాను. వెళ్ళిపోతే గుడ్డా పోతుంది, పేరూ పోతుంది. అయినా సరే నేను కూర్చోలేదు.

"లేవు" అన్నారు గిన్నెలోకే.

"వినబడలేదండీ" అంది సుపార్తి. అవును, సుపార్తే. వేళ్ళు మడిచి లెక్క చెప్పిన సుపార్తి!

"వాగిరా మెడలో సూదులు లేవు! నేను తప్పుగా అన్నాను!" అని అరిచినంత పని చేశారు వుర్యానిగారు. "చాలా? సోమవారం పనిలోకి రా."

సోమవారం ముందు గుమ్మం నుంచే వెళ్ళాను. తుకినెం గుడ్డ తెచ్చి నా దండెం మీద వేసింది. తను గీసిన మినుముల వరస అంచున అట్లాగే ఉంది. చాంతింగ్‌లో మైనం ముంచి, కొస ఊది, గుడ్డ దగ్గరికి తీసుకెళ్ళాను. కొస ఎగిరెగిరి పడుతోంది. మెల్లగా మైనాన్ని మళ్ళీ పొయ్యి మీది మూకుడులోకే ఒంపేశాను.

వుర్యానిగారు గుమ్మంలో నిలబడి చూశారు. "నెలాఖరుకి పెళ్ళి" అన్నారు మెత్తగా. "పోనీ అంచు వరకు తుకినెం చేత..."

"వద్దు. పెళ్ళివాళ్ళకి వేరే గుడ్డ ఇవ్వండి. ఇది మధ్యలో నా చేతిలో నుంచి లాక్కున్నారు. ఇప్పుడు నా చెయ్యి కుదిరేదాకా ఇది ఇక్కడే ఉంటుంది, ఇంకెవరూ ముట్టుకోరు. ఆ పెళ్ళికూతురికి కాన్పయ్యాక ఉయ్యాలకి కట్టుకుంటారేమో అడగండి."

ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

ఆ పెళ్ళి వేరే గుడ్డతో అయిపోయింది. బీపీ బిళ్ళ మారింది, మెడ వాపు దిగింది. దేనివల్ల దిగిందో డాక్టరమ్మ ఇప్పటికీ గట్టిగా చెప్పదు, నేనూ చెప్పను. రోజూ పొద్దున్నే పాకకు వెళ్ళి, నా పీట మీద కూర్చుని, చాంతింగ్ పట్టుకుని చూసుకుంటాను. కొన్ని రోజులు రెండు పువ్వులు అవుతాయి, కొన్ని రోజులు ఒక్క చుక్క కూడా పడదు. పడని రోజున చేతులు ఒళ్ళో పెట్టుకుని గుడ్డ ముందు అట్లాగే కూర్చుంటాను. వుర్యానిగారు అటూ ఇటూ తిరుగుతూ నా మెడ వైపు ఓసారి చూసి చూపు తిప్పుకుంటారు. చూపు తిప్పుకున్న ప్రతిసారీ నాకు మళ్ళీ కోపం వస్తుంది.